తీగ గీసిన చెట్టు: కాలిన చెక్క మీది ఒక బొమ్మ చరిత్ర

తార్నాక అన్న పేరులోనే ఒక తీగ ఉన్నది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాముల కాలంలో లాలాగూడకూ విశ్వవిద్యాలయ భూములకూ నడుమ ఉన్న ఒక తోటకు ముళ్ళతీగ కంచె కట్టి, అక్కడ కావలివారిని నిలిపినందువల్ల ఆ పేరు వచ్చిందని పాతవారు చెబుతారు. ఆ తోట ఇప్పుడు లేదు. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, వాటిని ఆనుకొని వేయి ఎకరాలకు పైబడిన ఉస్మానియా ప్రాంగణం, వీటి మధ్య సందుల్లో అద్దెగదులు, ఆ గదుల నిండా విద్యార్థులు: ఇదీ నేటి తార్నాక.

మా వీధిలోనే గది తీసుకొని ఇంజనీరింగు చదువుతున్న ఒక కుర్రవాడు ఈమధ్య తన ఫోనులో ఒక వీడియో చూపి, “డాక్టరుగారూ, ఇది ఇంట్లో చేసుకోవచ్చునా అండీ?” అని అడిగాడు. లేత్ మీద తిప్పి చెక్కిన గుండ్రని గిన్నె ఒకటి. లేత్ మీద చెక్కడాన్ని మన పాత మాటల్లో తరిణె పట్టడం అంటారు. ఆ గిన్నె అంచులకు రెండు తీగలు ఆనించగానే సన్నని పొగ లేచింది. రెండు కొనల నుండి నల్లని గీతలు బయలుదేరి, కొమ్మలుగా, రెమ్మలుగా చీలి, ఒకదానిని ఒకటి వెదుక్కుంటూ నడిచి, నడుమ కలుసుకున్నాయి. నిమిషం తిరగకుండా చెక్క మీద ఒక చెట్టు వెలిసింది. అందంగా లేదని నేను అనలేను. దీనిని ఫ్రాక్టల్ బర్నింగ్ అనీ, లిక్టెన్‌బర్గ్ బర్నింగ్ అనీ పిలుస్తున్నారు.

నా జవాబు వద్దు అన్నదే. అయితే వద్దు అన్నంతమాత్రాన ఇరవై ఏళ్ళవాడు మానడు. ఎందుకు వద్దో తెలిస్తే మానవచ్చు. ఆ ఎందుకుకు దాదాపు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది. ఈ చెట్టుబొమ్మ పుట్టినప్పుడు ఎవరినీ చంపలేదు. బొమ్మ ఆకారం నాటికీ నేటికీ ఒక్కటే; దాని వెనుక ప్రవహించే విద్యుత్తు పరిమాణం మాత్రం మారిపోయింది. కంటికి కనిపించేది ఆకారమే గనుక, చూసేవారు మోసపోతున్నారు.

జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో గెయోర్గ్ క్రిస్టోఫ్ లిక్టెన్‌బర్గ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. వెన్నెముక వంకరతో చిన్నప్పటి నుండి బాధపడిన మనిషి, గొప్ప హాస్యప్రియుడు. ఆయన 1777లో సుమారు రెండు మీటర్ల వ్యాసం గల ఎలెక్ట్రోఫోరస్ అనే పరికరాన్ని నిర్మించాడు. గుగ్గిలం వంటి బంకపదార్థంతో పోతపోసిన పళ్ళెం, దాని మీద పట్టీ వేసిన లోహపు మూత: అంతే ఆ యంత్రం. పళ్ళేన్ని రుద్ది మూత ఎత్తితే అడుగుకు పైబడిన నిప్పురవ్వ దూకేది. ఒకనాడు ఆ పళ్ళెం మీద పడిన దుమ్ము వింతగా నక్షత్రాల్లా పేరుకోవడం ఆయన గమనించాడు. తరువాత గంధకపు పొడినీ ఎర్రని సీసపు సిందూరాన్నీ కలిపి చల్లి చూశారు. పసుపుపచ్చని గంధకం ధనావేశం ఉన్న చోట కొమ్మలుగా విచ్చుకున్నది. ఎర్రని సిందూరం ఋణావేశం ఉన్న చోట గుండ్రంగా ఒదిగింది. కంటికి కనబడని విద్యుత్తుకు రెండు ముఖాలున్నాయని రంగుల్లో చూపించిన ముగ్గు అది. పొడిని ఆకర్షించి బొమ్మ కట్టించే ఈ సూత్రమే 1938లో చెస్టర్ కార్ల్‌సన్ చేతిలో జిరాక్స్ యంత్రానికి మూలమయింది. ఉస్మానియా గేటు ముందు పది దుకాణాలు నోట్సు కాపీలు తీసి బ్రతుకుతున్నాయంటే ఆ పుణ్యంలో కొంత గొట్టింగెన్ దుమ్ముది.

అడుగు పొడవున రవ్వ దూకాలంటే లక్షల వోల్టుల పీడనం కావాలి. అయినా లిక్టెన్‌బర్గ్ ఎందుకు చావలేదు? పళ్ళెంలో ఒదిగిన ఆవేశం అతి స్వల్పం కనుక. ఎత్తయిన కొండ మీది నుండి చెంచాడు నీళ్ళు జారినట్లు, వోల్టేజి ఎంత ఎక్కువైనా వెనుక సరఫరా లేదు. రవ్వ దూకిన క్షణంలోనే అంతా అయిపోయేది. సరఫరా తరగని చోట ఏమవుతుందో అంతకు పూర్వమే లోకం చూసింది. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గెయోర్గ్ రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఉరుముల మేఘం నుండి విద్యుత్తును ఇంట్లోకి దింపి కొలవబోయి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. లిక్టెన్‌బర్గ్ ఆ పాఠం మరచినవాడు కాదు. గొట్టింగెన్‌లో పిడుగుకడ్డీని నిలిపిన తొలివారిలో ఆయన ఒకడు.

వైద్యులమైన మాకు ఈ బొమ్మ మరొక చోట ఎదురవుతుంది. పిడుగుపాటుకు గురై బ్రతికిన కొందరి వీపు మీద, భుజం మీద, ఫెర్న్ ఆకు అచ్చు గుద్దినట్లు ఎర్రని కొమ్మల చార తేలుతుంది. దానినీ లిక్టెన్‌బర్గ్ చిహ్నమనే అంటాం. అది కాలిన గాయం కాదు. సాధారణంగా గంట లోపల కనిపించి, ఒకటి రెండు రోజుల్లో మచ్చ మిగల్చకుండా మాయమవుతుంది. స్పృహ లేకుండా పొలంలో పడి ఉన్న మనిషికి ఏమయిందో చెప్పేవారు లేనప్పుడు, ఒంటి మీది ఆ ఆకుబొమ్మ ఒక్కటే పిడుగు సంగతి చెబుతుంది. మన ప్రాంతానికి పిడుగు కొత్త కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా రెండు వేలకు పైగా ప్రాణాలు పిడుగులకే పోతున్నాయి. వానకు చెట్టు కిందికి పరుగెత్తే మన అలవాటును గురించి వేరొకసారి వ్రాస్తాను.

చెక్క సంగతికి వద్దాం. లిక్టెన్‌బర్గ్ కాలపు విద్యుత్ పరికరాలలో గుగ్గిలంతో పాటు లక్కకూ పెద్ద పీట ఉండేది. లక్క విద్యుత్తును దాటనివ్వదు. అదే లక్క మన తరిణె పనివారి చేతిలో శతాబ్దాలుగా రంగులద్దే సాధనం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకను చూడండి. మెత్తని అంకుడు కర్రను లేత్‌కు బిగించి, ఉలితో రూపు దిద్దుతారు. అది గిరగిర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తిపట్టుకుంటారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. నిప్పు లేదు, పొగ లేదు. పనివాడు చేయి తీస్తే వేడి పుట్టడం ఆగిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దానితో పని ఉన్నది.

ఏటికొప్పాకకూ ఆరోగ్యం సమస్య రాకపోలేదు. చెట్ల రంగులు వెనుకబడి రసాయనిక రంగులు చొరబడిన కాలం ఒకటుండేది. పసిపిల్లలు నోట పెట్టుకునే బొమ్మకు సీసం వంటి లోహాలున్న రంగు పూయడం ఎంత ప్రమాదమో వైద్యులకు చెప్పనక్కరలేదు. లిక్టెన్‌బర్గ్ పళ్ళెం మీద అందంగా కుదిరిన ఎర్రని సిందూరం సీసమే కదా. సి.వి. రాజుగారు ఊళ్ళోని పనివారిని మళ్ళీ పసుపు, నీలి వంటి సహజవర్ణాల వైపు మళ్ళించారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. చేతిపనిలో ఉన్న హానిని పనివారే గుర్తించి, పనిని చంపకుండా హానిని తొలగించుకున్న ఉదంతమిది.

అదే 2017లో అమెరికాలోని లేత్ పనివారి సంఘం ఇటువంటి నిర్ణయమే చేసింది. అయితే అక్కడ హానిని తొలగించే మార్గం కనబడలేదు. విద్యుత్తుతో చెక్క కాల్చే పనిని తమ సభల్లో ప్రదర్శించకూడదనీ, తమ పత్రికల్లో ఆ పద్ధతిని ప్రచురించకూడదనీ ఆ సంఘం నిషేధించింది. ఉలి జారితే వేలు తెగుతుందనీ, తిరుగుతున్న గిన్నె పగిలితే ముఖానికి తగులుతుందనీ తెలిసి ఆ పని చేస్తున్నవారే దీనిని మాత్రం బయటకు నెట్టారు. ఈ పనిలో ముప్పైకి పైగా మరణాలు ఆ సంఘం దృష్టికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ఇల్లు తగలబడి భార్యాభర్తలు మరణించారు. విచారించగా వారిని చంపింది మంట కాదనీ, అంతకు ముందే ఈ పనిలో విద్యుద్ఘాతం తగిలిందనీ తేలింది.

గొట్టింగెన్ ముగ్గు ఇంత ప్రాణాంతకం ఎలా అయింది? ఎండిన చెక్క విద్యుత్తును సులభంగా పోనివ్వదు. దానిని తడిపి దారి కల్పించి, ఆపకుండా కరెంటు పంపితే తప్ప అది కాలదు. లిక్టెన్‌బర్గ్‌కు బొమ్మ కట్టడానికి చెంచాడు చాలింది; చెక్కను బొగ్గు చేయడానికి ఏరు పారాలి. ఆ ఏరు కోసం ఔత్సాహికులు పాత మైక్రోవేవ్ ఓవెన్లను విప్పి, వాటి కడుపులోని ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటకు తీశారు. మన గోడ ప్లగ్గులోని 230 వోల్టులను అది సుమారు రెండు వేల వోల్టులకు పెంచుతుంది. పైగా మనిషి గుండెను ఆపడానికి కావలసిన దానికి ఎన్నో రెట్లు కరెంటును తెరపి లేకుండా ఇవ్వగలదు. ఓవెన్‌లో ఉన్నంతకాలం అది ఇనుప పెట్టెలో, తలుపు తీస్తే ఆగిపోయే ఏర్పాట్ల నడుమ బందీగా ఉంటుంది. ఆ ఏర్పాట్లన్నీ ఊడదీస్తేనే అది చెక్క మీదికి వస్తుంది.

ఇక గిన్నె ఆకారం. బల్లపరుపు పలక కదలకుండా ఉంటుంది. తరిణె పట్టిన గిన్నె గుండ్రంగా ఉండి దొర్లుతుంది. తీగ కొన వంపు మీద నుండి జారుతుంది. జారినదానిని పట్టుకోవడానికి చేయి తనంతట తానే ముందుకు పోతుంది. ఆ చేతిని ఆపేంత వ్యవధి మెదడుకు దొరకదు. ఏటికొప్పాకలో చేయి తీస్తే వేడి ఆగుతుందన్నాను. ఇక్కడ చేయి తీసే శక్తే పోతుంది.

ఈ చివరి సంగతిని లెక్కగట్టినవాడు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్‌జీల్. తీగను పట్టుకున్న మనిషి ఎంత కరెంటు వరకు దానిని వదలగలడో తెలుసుకోవడానికి ఆయన స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషుల మీదనే పరీక్షలు జరిపాడు. పురుషులలో సగటున 16 మిల్లీఆంపియర్లు, స్త్రీలలో అంతకు తక్కువ. అది దాటితే ముంజేతి కండరాలు బిగుసుకొని పిడికిలి తీగకే అతుక్కుంటుంది. ఆ జ్ఞానంతోనే ఆయన 1960 దశకం మొదట్లో ప్రాణరక్షక స్విచ్చును రూపొందించాడు. మన ఇళ్ళలో ఈ.ఎల్.సి.బి. అనీ, ఆర్.సి.సి.బి. అనీ, వాడుకలో ట్రిప్పర్ అనీ పిలిచేది ఆ వంశానిదే. ఇంట్లోకి వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అని అది క్షణక్షణం తూచి చూస్తుంది. మనిషి ఒంటి గుండా నేలలోకి 30 మిల్లీఆంపియర్లు జారినా తేడా పట్టుకొని సరఫరాను తెంచుతుంది.

“మా గదిలో ట్రిప్పర్ ఉన్నదండీ” అని ఆ కుర్రవాడు ధైర్యంగా అన్నాడు. ఉండవచ్చు. కాని ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపలికి వచ్చే తీగచుట్ట వేరు, రెండు వేల వోల్టులిచ్చే తీగచుట్ట వేరు. వాటి మధ్య ఉన్నది అయస్కాంత బంధమే. రెండవ చుట్ట నుండి బయలుదేరిన కరెంటు మనిషి గుండా ప్రవహించి మళ్ళీ ఆ చుట్టకే చేరుకుంటుంది. గోడలోని ట్రిప్పర్‌కు వెళ్ళినదీ వచ్చినదీ సరిసమానంగానే తోస్తాయి. ఎం.సి.బి. ఆదుకుంటుందేమో అంటారా? రెండు వేల వోల్టుల వద్ద పదోవంతు ఆంపియరు అంటే 200 వాట్లు. వంటింటి మిక్సీ అంతకంటె ఎక్కువ లాగుతుంది. ఒక మనిషి చనిపోతున్న సమయంలో ఆ ఇంటి మీటరుకు అది చిన్నపాటి వాడకం మాత్రమే.

ఆ పదోవంతు ఆంపియరు గుండెను ఏం చేస్తుందన్నది వైద్యచరిత్రలో పెద్ద వివాదం. అందులో మన నగరానికీ ఒక పాత్ర ఉన్నది. 1888, 1889లలో హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఆ పాఠశాలే తరువాత ఉస్మానియా వైద్య కళాశాలగా దశాబ్దాల పాటు మన ప్రాంగణపు విశ్వవిద్యాలయం కింద నడిచింది. ఆరవ నిజాం ధనమిచ్చారు. లండన్ నుండి లాన్సెట్ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ స్వయంగా వచ్చాడు. కుక్కలు మొదలైన జంతువుల మీద ఎన్నో ప్రయోగాలు చేసి, మత్తుమందు వల్ల ముందు శ్వాస ఆగుతుందే కాని గుండె హఠాత్తుగా ఆగదని తేల్చారు. చిత్రమేమంటే సరిగ్గా ఆ 1889లోనే స్కాట్లాండ్‌లోని జాన్ మక్‌విలియం, ఆకస్మిక మరణాలలో గుండె ఆగిపోదనీ, లయ తప్పి వణుకుతుందనీ, ఆ వణుకులో రక్తం ముందుకు పోదనీ వ్రాశాడు. పదేళ్ళకు జెనీవాలో ప్రెవో, బటెల్లి అనే ఇద్దరు విద్యుత్తుతో కుక్కల గుండెలలో ఆ వణుకును పుట్టించి, మరింత బలమైన షాకుతో దానినే ఆపి చూపించారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులోనూ అదే వణుకు వస్తుందని నిరూపించాడు. హైదరాబాదు తీర్పు అక్కడ వీగిపోయింది. శ్వాసను కనిపెట్టి ఉండమన్న లారీ సలహా మంచిదే. గుండెను మరచిపొమ్మన్నదే ఆయన తప్పు.

ఆ వణుకుకు విరుగుడు కూడా కరెంటు తీగల దగ్గరనే పుట్టింది. స్తంభాల మీద చనిపోతున్న లైన్‌మన్ల సమస్యపై అమెరికా విద్యుత్ కంపెనీలు పరిశోధనలకు ధనసహాయం చేశాయి. వాటిలో పాల్గొన్న విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. షాకు ఇచ్చే పలకలను కుక్క ఛాతీపై గట్టిగా అదిమినప్పుడు దాని రక్తపోటు కాస్త లేవడం ఆయన బృందం గమనించింది. 1960లో వారు ప్రకటించిన ఛాతీ అదిమే పద్ధతినే ఈనాడు సి.పి.ఆర్. అంటున్నాం.

కనుక ఎవరైనా ఇటువంటి యంత్రం పక్కన పడి ఉంటే చేయవలసింది ఇది. ముందు మనిషిని ముట్టుకోకండి. ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. ఎండుకర్రతో తోయడం వంటివి రెండు వేల వోల్టుల దగ్గర నమ్మదగినవి కావు. సరఫరా ఆగినట్లు రూఢి చేసుకొన్న తరువాత కూడా యంత్రాన్ని తాకకుండా మనిషిని దూరం జరపండి. 108కి ఫోన్ చేయించండి. ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలయింది మన నగరంలోనే. పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే, ఛాతీ నడిమధ్య రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుండి 120 సార్ల చొప్పున అదుముతూనే ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా.

లేచి కూర్చుని “నాకేం కాలేదు” అన్నవారినీ ఆసుపత్రికి తీసుకుపోవాలి. వేలి మీద గింజంత నల్లమచ్చ మాత్రమే ఉండవచ్చు. చర్మం పైన కనిపించేది కొంతే; విద్యుత్తు ఎముక పక్కన ఉన్న కండరాన్ని లోపల లోపలే ఉడికిస్తుంది. ఆ కండరం నుండి వెలువడిన పదార్థం మూత్రపిండాలను పూడుస్తుంది. మూత్రం కోకాకోలా రంగుకు తిరుగుతుంది. వాచిన ముంజేతిలో రక్తప్రసరణ ఆగితే గంటల్లో శస్త్రచికిత్స చేయాలి, ఆలస్యమైతే చేతినే తీసివేయవలసి వస్తుంది. గుండె లయ కనిపెట్టడానికి ఇ.సి.జి. తప్పదు. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకండి. వైద్యునికి గాయం రంగు కనబడాలి. కొందరికి నెలల తరువాత కంటిలో శుక్లం వస్తుంది. చూపు మసకబారితే నేత్రవైద్యునికి పాత షాకు సంగతి తప్పక చెప్పండి.

చెక్క మీద కాల్చి బొమ్మ వేయాలన్న కోరిక తప్పు కాదు. వేడెక్కిన లోహపు ములికితో గీసే కలం వంటి పనిముట్లు బజారులో దొరుకుతాయి. వాటితో వేలు కాలుతుంది, పొగ ఊపిరికి మంచిది కాదు, కిటికీ తెరిచి పెట్టుకోవాలి. ఆ చెట్టును చేత్తో గీయాలంటే ఒక సాయంత్రమంతా పడుతుంది. మా కుర్రవాడికి ఆ కలం సంగతి చెబితే “అది నెమ్మది కదండీ” అన్నాడు.

ఇంట్లో పనికిరాని మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే దానిని విప్పకండి, విప్పుతానన్నవారికి ఇవ్వకండి. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులోని కెపాసిటర్ కొంతసేపు ప్రాణాంతకమైన ఆవేశాన్ని దాచుకుని ఉండవచ్చు. పెట్టెను పెట్టెలాగే ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి.